అయస్కాంతం అంటుకోని కారు

పాడైన స్పీకరు నుంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి జేబులో ఉంటే చాలు, ఈ అధ్యాయానికి కావలసిన మొదటి పనిముట్టు దొరికినట్టే. షెడ్డు మూలన దుమ్ము కప్పుకుని ఉన్న కారు తలుపుకు దాన్ని ఆనించాలి. అంటుకోకుండా జారిపడిందా, చూసేవాడి మనసు ఒక్కసారిగా ఎగిరి గంతేస్తుంది: ‘ఫైబర్ బాడీ! ఫారిన్ కారు!’ అక్కడే ఆగాలి. పైపొరకు దగ్గరలో ఇనుము లేదన్నంత వరకే అయస్కాంతం సాక్ష్యం. అల్యూమినియం రేకుకు కూడా అది అంటుకోదు. నాలుగుసార్లు గుద్దుకుని, వేలు మందాన పుట్టీ పెట్టించుకున్న అంబాసిడర్ తలుపుకూ అంటుకోదు.

తేల్చుకోవాలంటే కిందికి వంగి మడ్‌గార్డు లోపలికి టార్చి కొట్టాలి. ఫైబర్‌గ్లాస్ బాడీని అచ్చులో తీస్తారు. అచ్చుకు ముందు జెల్‌కోట్ అనే రంగు పొర పూసి, దానిమీద గాజుపోగుల చాప పరిచి, రెజిన్‌తో తడుపుతూ కుంచెతోనో రోలరుతోనో అదుముతారు. అచ్చుకు ఆనుకున్న వైపు నున్నగా వస్తుంది. మనిషి చెయ్యి తిరిగిన వైపు గరుకుగా, పోగులు అడ్డదిడ్డంగా కనబడుతూ ఉంటుంది. కారిన రెజిన్ చుక్క అక్కడే గడ్డకట్టి ఉండొచ్చు. కుంచె వెంట్రుక ఒకటి అందులో ఇరుక్కుని ఉండొచ్చు. అవి కంటబడ్డాక నోటుబుక్కులో మొదటి మాట రాసుకోవచ్చు: బాడీ ఫైబర్‌గ్లాస్. ఆ పూటకు అంతకుమించి ఒక్క అక్షరం రాయకూడదు.

అందరూ మరిచిపోయిన కారును గుర్తుపట్టే పనిలో సగానికి పైగా, అది ఏది కాదో తేల్చడమే. పేరు చివర్లో వస్తుంది. ముందే పేరు పెట్టేసినవాడికి ఆ తర్వాత కనబడే ప్రతి బోల్టూ ఆ పేరుకే సాక్ష్యం చెబుతుంది. పాత కార్ల విషయంలో మోసపోయిన వాళ్లలో బ్రోకరు చేతిలో మోసపోయినవాళ్ల కంటే తమ తొందర చేతిలో మోసపోయినవాళ్లే ఎక్కువ ఉంటారనిపిస్తుంది. ఈ పని నేర్పే ఓపిక స్థలం పత్రాలు చూసేటప్పుడూ, కొత్త వ్యాపారంలో డబ్బు పెట్టేటప్పుడూ పనికొస్తుంది. ఆ సంగతి పాఠకుడే చూసుకుంటాడు కాబట్టి ఇక్కడ కారు గురించే మాట్లాడుకుందాం.

మరి అనంతపురం జిల్లాలోని తాడిపత్రిలో ఇలాంటి బండి దొరుకుతుందా? దొరక్కపోవడానికి కారణమైతే లేదు. పెన్న ఒడ్డున ఉన్న ఈ ఊరు నాపరాళ్లకు, పాలిషింగ్ ఫ్యాక్టరీలకు, సిమెంటుకు పేరు పడింది. రాళ్ల లారీలు తిరిగే ఊళ్లో మెకానిక్కులకు, లేత్ మిషన్లకు, టింకరింగ్ షెడ్లకు కొదవుండదు. బెంగుళూరు ఒక రాత్రి ప్రయాణం కూడా కాదు. అక్కడ మోజు తీరిన బళ్లు చేతులు మారుతూ ఇటువైపు వచ్చి ఆగిపోవడం వింతేమీ కాదు.

పైగా వాతావరణం. అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. దానివల్ల రైతు గుండె చెరువవుతుంది గానీ ఊరి చెరువు నిండదు. పాత ఇనుముకు మాత్రం ఈ పొడిగాలే రక్ష. చెన్నైలోనో విశాఖలోనో ఉప్పుగాలి ఛాసిస్‌ను తినేస్తుంది. ఇక్కడ దశాబ్దాలు కదలకుండా పడి ఉన్న బండికైనా ఛాసిస్ మీది అంకెలు చదవగలిగేలా మిగిలే అవకాశం ఉంది. నష్టం చేసేది ఎండ. ఆరుబయట ఉంచిన ఫైబర్ బాడీ మీద జెల్‌కోట్ వెలిసి సున్నం రాలినట్టు చేతికి అంటుతుంది. రబ్బరు బీడింగులు పెళుసై విరిగిపోతాయి. బండి పైభాగం ఘోరంగా ఉండి కింది భాగం గట్టిగా ఉంటే, అది ఈ నేల మీదే ఎక్కువ కాలం ఉందని అనుమానించవచ్చు. కింద తుప్పు బాగా తిని ఉంటే, తీరప్రాంతం నుంచి వచ్చిందేమో ఆరా తీయాలి.

ఇక అనుమానితుల జాబితా. దక్షిణాదిలో ఫైబర్ బాడీ కనబడగానే మొదట తలుచుకోవలసిన పేరు సిపానీ. బెంగుళూరులో సన్‌రైజ్ ఆటోమోటివ్ ఇండస్ట్రీస్ పేరుతో మొదలైన ఈ కంపెనీ 1970ల మధ్యలో బాదల్ అనే మూడు చక్రాల కారు తెచ్చింది. ముందు ఒకే చక్రం, వెనక రెండు, వెనకవైపు 198 సీసీ టూ స్ట్రోక్ ఇంజిను, పైన ఫైబర్ బాడీ. జనం దాన్ని ఆటోకు తమ్ముడిలా చూశారే తప్ప కారుగా చూడలేదు. తర్వాత 1982లో వచ్చిన డాల్ఫిన్ వేరే సంగతి. ఇంగ్లండులో టామ్‌వర్త్ పట్టణంలోని రిలయంట్ కంపెనీ 1975 నుంచి కిటెన్ అనే చిన్న కారు చేసేది. దాని నమూనానే తెచ్చి సిపానీ వాళ్లు బెంగుళూరులో డాల్ఫిన్‌గా తయారుచేశారు. రెండు తలుపులు, 848 సీసీ అల్యూమినియం ఇంజిను, ఉక్కు ఛాసిస్ మీద ఫైబర్ బాడీ. కిటెన్ బరువు అర టన్నుకు కాస్త అటూ ఇటూ. టన్ను దాటిన అంబాసిడర్ల మధ్య అంత తేలిక బండి వస్తే కుర్రకారు ఊరుకుంటారా? మద్రాసు దగ్గరి షోళవరం పందేల్లోనూ, ర్యాలీల్లోనూ డాల్ఫిన్ పేరు మారుమోగింది.

ఇంటివాళ్లకు మాత్రం అది నచ్చలేదు. వెనక సీట్లో కూర్చోవాలంటే ముందు సీటు వంచాలి. పట్టుచీర కట్టుకున్న అమ్మమ్మను అందులోంచి లోపలికి పంపడం ఎవరి తరం? ఆపైన ఫైబర్ బాడీ అంటే గుద్దితే పగిలిపోతుందనే భయం. 1983 డిసెంబరు 14న మారుతి 800 రోడ్డెక్కాక ఆ భయానికి ప్రత్యామ్నాయం దొరికింది. సిపానీ వాళ్లు నాలుగు తలుపుల మోంటానా తెచ్చారు, డీజిల్ ఇంజిను పెట్టి చూశారు, 1990లలో ఇంగ్లండు నుంచి రోవర్ మోంటెగోను విడిభాగాలుగా తెచ్చి బిగించారు. ఏదీ నిలబెట్టలేకపోయింది. ఆ దశాబ్దం ముగిసేలోగా కంపెనీ కథ ముగిసింది. బెంగుళూరుకే చెందిన మరో కంపెనీ నుంచి 1990ల చివర్లో శాన్ స్టార్మ్ అనే రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు కూడా వచ్చింది. దానికి రెనో ఇంజిను, ఫైబర్ బాడీ.

కాబట్టి షెడ్డులో దొరికింది డాల్ఫినో మోంటానానో అయితే పని తొందరగా తేలుతుంది. ఆ కార్ల ఫొటోలు దొరుకుతాయి, కిటెన్ మాన్యువళ్లు ఇంగ్లండులో ఇప్పటికీ దొరుకుతాయి, పోల్చి చూసుకోవచ్చు. చిక్కంతా దేనితోనూ పోలిక కలవని బండితో వస్తుంది. ముక్కు ఒక తీరు, తోక ఒక తీరు, ఎక్కడా కంపెనీ బిళ్ల లేదు. ఎవరో ఒక మనిషి తన కోసం చేయించుకున్న బండి అన్నమాట.

అలాంటి బండి కనబడగానే విదేశీ అనేయడం మనకు అలవాటు. ఆ అలవాటు ఉన్నవాళ్లు ఒకసారి హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం చూసి రావాలి. కన్యాబోయిన సుధాకర్ అక్కడ క్రికెట్ బంతి, బర్గర్, హైహీల్ చెప్పు ఆకారాల్లో నడిచే బళ్లు చేయించి పెట్టారు. 2005లో ఆయన చేసిన భారీ మూడు చక్రాల సైకిలుకు గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. తెలుగు చేతులు ఏ ఆకారాన్నైనా తీయగలవు. ఆకారం చూసి దేశం చెప్పడం కుదరదు.

బాడీని పక్కనపెట్టి, దాని కిందికి దూరాలి.

దూరే ముందు కర్రతో రెండు మూడుసార్లు గట్టిగా తట్టాలి. ఈ ప్రాంతంలో పాత సీటు కింద తేళ్లకు, పాములకు చోటుంటుంది. చేతికి మందపాటి గ్లవ్స్ ఉండాలి. జాకీ మీద మాత్రమే నమ్మకం పెట్టి కారు కిందికి వెళ్లకూడదు. నాపరాళ్ల ఊరు కదా అని బండ ముక్కలు పేర్చి వాటిమీద ఎత్తే ఆలోచన అసలు రాకూడదు. బరువు ఒక అంచు మీద పడితే నాపరాయి చెప్పాపెట్టకుండా విరుగుతుంది. టైర్ల షాపులో దొరికే ఇనుప స్టాండ్లు నాలుగు అద్దెకు తెచ్చుకోవడం మేలు.

కింద మొదట చూడవలసింది ఛాసిస్ విడిగా ఉందా లేదా అన్నది. అంబాసిడర్‌కు, ఫియట్ 1100కు విడి ఛాసిస్ ఉండదు. బాడీయే వాటి ఎముకల గూడు. దాన్ని కోసేసి పైన ఫైబర్ గూడు పెట్టడం పెద్ద తలనొప్పి. ఇంట్లో కారు చేయాలనుకున్నవాడు సహజంగా విడి ఛాసిస్ ఉన్న బండినే ఎంచుకుంటాడు. అలాంటివి దక్షిణాదిలో తేలిగ్గా దొరికినవి రెండు. ఒకటి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్. నాలుగు బోల్టులు విప్పితే బాడీ ముక్కలు ముక్కలుగా ఊడి వస్తుంది. ఇంగ్లండులో ఇదే హెరాల్డ్ ఛాసిస్ మీద బాండ్ కంపెనీ ఈక్విప్ అనే కారు చేసింది, దాని బాడీలో చాలా భాగం ఫైబరే. తొలి హెరాల్డ్‌ను గుర్తుపట్టడానికి వెనక్కి వెళ్లి చూడాలి. కమాన్ కట్ట ఒకటే, అడ్డంగా, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఉంటుంది. హెరాల్డ్ అసలు కొలతతో పోల్చడానికి టేపుతో ముందు వెనక చక్రాల నడిమధ్యల దూరం కొలిచి రాసుకోవాలి. ఎవరైనా ఛాసిస్‌ను కోసి అతికించి ఉంటే వెల్డింగు మచ్చ పట్టిస్తుంది.

రెండోది జీపు. ముందూ వెనకా గట్టి ఇరుసు, నాలుగు మూలలా కమాన్ కట్టలు, ముందు ఇరుసు మీద డిఫరెన్షియల్ గుండు ఒక పక్కకు జరిగి ఉండటం దాని గుర్తులు. జీపు మీద స్పోర్ట్స్ కారు ఏమిటని నవ్వుకోవచ్చు గానీ, అమెరికాలో ఫైబర్‌గ్లాస్ కార్లు ఊపందుకున్న తీరే అది. కాలిఫోర్నియాలో పడవలు చేసే బిల్ ట్రిట్, సైన్యంలో మేజర్‌గా ఉన్న కెన్ బ్రూక్స్ కోసం జీపు ఛాసిస్ మీద ఫైబర్ బాడీ చేసి పెట్టాడు. పడవలకు వాడే గాజుపోగు, రెజిన్ కారుకెందుకు పనికిరావన్నది ఆయన ప్రశ్న. బ్రూక్స్ బాక్సర్ అని పేరు పెట్టిన ఆ బండి 1951లో లాస్ ఏంజెలెస్ ప్రదర్శనలో కనబడింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో లైఫ్ పత్రిక ప్లాస్టిక్ బాడీల మీద కథనం వేసేసరికి ట్రిట్ కంపెనీ గ్లాస్‌పార్ పేరు దేశమంతా పాకింది. రెజిన్ అమ్మే నాగటక్ కెమికల్ వాళ్లు గ్లాస్‌పార్ బాడీని చేతబట్టుకుని జనరల్ మోటార్స్ దాకా వెళ్లారు. 1953లో చెవ్రొలే కార్వెట్ ఫైబర్ బాడీతోనే వచ్చింది. మొదటి ఏడాది చేసినవి 300, అన్నీ తెల్లవే.

ఆ రోజుల్లో అమెరికాలో గ్యారేజీకో బాడీ కంపెనీ పుట్టింది. బాడీ మాత్రమే కొనుక్కుని, పాత ఫోర్డు ఛాసిస్ మీద సొంతంగా బిగించుకున్నవాళ్లు ఎందరో. కొన్నేళ్లకు కంపెనీలు మూతపడ్డాయి, బళ్లు పెరట్లో పడ్డాయి, పిల్లలకు వాటి పేరు కూడా తెలియదు. ఫ్లోరిడాలోని టాంపాకు చెందిన జెఫ్ హ్యాకర్ అలాంటి బళ్ల వెనక చాలా ఏళ్లుగా పడి, పాత పత్రికల ప్రకటనలు తిరగేస్తూ, చేసినవాళ్లను, వాళ్ల కుటుంబాలను వెతుక్కుంటూ వెళ్లి ఒక్కొక్కదాని పుట్టుపూర్వోత్తరాలు రాబట్టారు. ఆ పద్ధతిలో మనకు పనికొచ్చే కిటుకు ఒకటుంది: బండి యజమానుల్ని వెనక్కి తవ్వుకుంటూ పోవడంతో పాటు, బాడీ పోసిన అచ్చు ఎవరిదో వెతకడం. అచ్చు ఉందంటే అందులోంచి రెండో బండి కూడా పుట్టి ఉండొచ్చు. రెండోది దొరికితే మొదటిదాని గురించి తెలియనివి సగం తేలిపోతాయి.

మధ్యలో ఒక మేకల కథ. 1966లో టర్కీలో అనడోల్ అనే కారు వచ్చింది. రిలయంట్ సాయంతో చేసిన ఫైబర్ కారు అది, డాల్ఫిన్‌కు వరసకు పెద్దన్న. పల్లెల్లో దాన్ని మేకలు మేసేస్తాయని పుకారు పుట్టింది, దశాబ్దాల పాటు జనం అదే చెప్పుకున్నారు. మేకలేవీ తినలేదు. అనంతపురం పల్లెల్లో మేకలకు తక్కువేమీ లేదు కాబట్టి, ‘ఆ బండిని మేక కొరికిందంట’ అని ఎవరైనా చెబితే నవ్వుతూ విని, పగులు దగ్గర టార్చి కొట్టి చూడాలి. చాలాసార్లు అక్కడ బాడీలో పెట్టిన ఇనుప పట్టీ తుప్పు పట్టి, ఉబ్బి, ఫైబర్‌ను లోపలి నుంచి పగలగొట్టి ఉంటుంది.

ఛాసిస్ నంబరు దొరికితే మిగతా మాటలన్నీ దాని తర్వాతే. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరాలయం గురించి ఊరివాళ్లు ఎన్ని కథలైనా చెబుతారు గానీ, చరిత్రకారుడు ముందు శాసనం ఎక్కడుందని అడుగుతాడు. ఛాసిస్ నంబరూ అంతే. గ్రీజు, మట్టి పట్టి ఉంటే డీజిల్‌లో ముంచిన గుడ్డతో మెల్లగా తుడవాలి. వైరు బ్రష్షుతో గీకకూడదు. గీకితే లోతులేని అంకెలు పోతాయి, పైగా రేపు ఆర్టీవో ఆఫీసులో ‘నంబరు దిద్దారు’ అనే మాట పడుతుంది. తెల్ల కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్ది ముద్ర తీసుకోవాలి. ఇన్‌స్పెక్టర్లు చేసేదీ ఇదే.

ఆ తర్వాత చిల్లర సాక్ష్యాలు. ముందు అద్దం ఎక్కడిదో చూడాలి. ఇంట్లో కారు చేసినవాడు గాజు వంచలేడు, ఏదో కంపెనీ కారు అద్దం తెచ్చి దానికి తగ్గట్టు బాడీ తీస్తాడు. అద్దం మూలన ముద్ర ఉంటుంది. డైనమో, సెల్ఫ్ మోటారు లూకాస్‌వైతే వాటి మీద నెల, ఏడాది గుద్ది ఉండటం మామూలు. టైరు పక్కగోడ మీది అంకెలూ మాట్లాడతాయి. 2000కు ముందు టైర్లకు మూడంకెల కోడ్ ఉండేది, అందులో రెండు వారానికి, ఒకటి ఏడాదికి. 2000 నుంచి నాలుగంకెలు. మూడంకెల టైరు ఉన్న బండి ఆ శతాబ్దంలోనే ఆగిపోయి ఉంటుందని ఊహించవచ్చు. తోక లైట్లు, తలుపు పిడులు, స్టీరింగు, అన్నీ వేర్వేరు బళ్లవి కావడం తప్పు కాదు. వాటన్నిటిలోకీ ఆలస్యంగా తయారైనది ఏదో అదే ముఖ్యం. పూర్తయిన బండి అందులోని అన్నిటికన్నా కొత్త భాగం కంటే ముందు పుట్టి ఉండదు, ఆ భాగం మధ్యలో మార్చింది కాకపోతే. ఆ ‘కాకపోతే’ని నోటుబుక్కులో ఎప్పుడూ చెరపకూడదు.

ఇవన్నీ పూర్తయ్యేదాకా బండిని కడగకూడదు. దుమ్ములో కూడా సమాచారం ఉంటుంది. సీటు కింద దొరికే పెట్రోలు బంకు రసీదు, సర్వీసు స్టిక్కరు, డాష్‌బోర్డు వెనక పెన్సిలుతో రాసిన వైరింగు గుర్తు, ఇవి పైపుతో నీళ్లు కొట్టిన మొదటి నిమిషంలోనే పోతాయి. ఎక్కడున్నది అక్కడే ఫొటో తీసి, తర్వాతే తీయాలి.

కాగితాల దగ్గరికి వస్తే, నంబరు పలకే మొదటి పత్రం. 1989కి ముందు రిజిస్టరైన బండికి మూడక్షరాలు, ఆపైన నాలుగు అంకెల దాకా ఉంటాయి. మైసూరు రాష్ట్రం నాటి పాత బళ్లకు ‘ఎంవై’తో మొదలయ్యే అక్షరాలు. అలాంటి పలక తాడిపత్రిలో కనబడితే దారి బెంగుళూరు వైపు చూపిస్తోందన్నమాట. 1989 తర్వాత అనంతపురం జిల్లా బండి ‘ఏపీ 02’ అయింది. అయితే పలకను ఎవరైనా రాయించుకోవచ్చు కాబట్టి, ఆర్సీ బుక్కులోని ఛాసిస్, ఇంజిను నంబర్లతో కలిస్తేనే దానికి విలువ. ఆర్సీలో బాడీ రకం, బరువు, సిలిండర్లు ఎన్ని అన్న గళ్లను చదవడం మరిచిపోకూడదు. హెరాల్డ్ సెలూన్ అని రాసి ఉండి, ఎదురుగా రెండు సీట్ల ఫైబర్ బండి ఉందంటే, ఆ బాడీ రిజిస్ట్రేషన్ తర్వాత ఎప్పుడో వచ్చిందని తేలినట్టే.

రవాణా శాఖ పాత రిజిస్టర్ల కోసం సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో దరఖాస్తు పెట్టవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. పాత యజమాని పేరు, చిరునామా అడిగితే వ్యక్తిగత సమాచారమని నిరాకరించే వీలుంది. తెలివైన దరఖాస్తు బండి గురించే అడుగుతుంది: ఫలానా నంబరు మీద నమోదైన తయారీదారు ఎవరు, బాడీ రకం ఏమిటి, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ ఏది, మార్పులేమైనా నమోదయ్యాయా. చేతికి డబ్బు ఇవ్వకముందే, నేర రికార్డుల బ్యూరో నడిపే వాహన్ సమన్వయ్‌లో ఆ నంబర్లు దొంగబళ్ల జాబితాలో ఉన్నాయేమో చూసుకోవడం కనీస జాగ్రత్త.

మనుషుల్ని అడగడం అన్నిటికన్నా కష్టం. అడిగేవాడే జవాబు అందిస్తాడు కాబట్టి. ‘పెద్దాయనా, ఇది ఫారిన్ నుంచి వచ్చిన బండేనంట గదా?’ అని అడిగితే, మర్యాదకైనా ‘అవునప్పా’ అంటాడు ముసలి మెకానిక్కు. అదే ‘ఈ బండిని నువ్వు మొదట యాడ జూసినావు తాతా? అప్పుడు ఎవురు నడుపుతాండిరి?’ అని అడిగితే కళ్లు మూసుకుని ఆలోచిస్తాడు. మెకానిక్కులకు బండి అందం గుర్తుండదు, సతాయించిన భాగం గుర్తుంటుంది. ‘దీని క్లచ్ ప్లేటుకు ఏ బండిది వేసినావు?’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు, ఇంజిను ఎక్కడిదో చెప్పేస్తుంది. తేదీ అడిగితే ఎవరూ సరిగా చెప్పలేరు. ఎన్టీఆర్ గెలిచిన ఏడుకు ముందా తర్వాతా అంటే ఠక్కున చెబుతారు. అది 1983 జనవరి. ఇందిరాగాంధీ పోయినప్పుడు అంటే 1984 అక్టోబరు చివర. ఇలాంటి మేకులు నాలుగు కొట్టుకుంటే జ్ఞాపకం జారదు. ఒకే టీ కొట్టు దగ్గర కూర్చునే ఇద్దరు ఒకే మాట చెబితే దాన్ని ఒక్క సాక్ష్యంగానే లెక్కేయాలి. ఎవరు ఎవరి దగ్గర విన్నారో కూడా రాసుకోవాలి.

ఊళ్లో దారం తెగితే గ్రంథాలయాలున్నాయి. 1896 నాటి చెన్నై కన్నెమరా గ్రంథాలయం దేశంలో అచ్చయ్యే పుస్తకాలు, పత్రికల ప్రతి అందుకునే నాలుగు గ్రంథాలయాల్లో ఒకటి. షోళవరం పందేల వార్తలు, పాత మోటారు ప్రకటనలు వెతకడానికి అంతకన్నా మంచి చోటు దక్షిణాదిలో లేదు. బెంగుళూరు కంపెనీ అని అనుమానం ఉంటే కంపెనీ రిజిస్ట్రార్ దగ్గర దాఖలైన పత్రాలు కొద్దిపాటి రుసుముతో చూడవచ్చు.

ఇక్కడిదాకా వచ్చినవాళ్లకు సాధారణంగా ఒకే ఆశ ఉంటుంది: బండిని బాగుచేసి రోడ్డెక్కించాలి. చట్టం ఏమంటుందో ముందు చూసుకుంటే ఆ ఆశకు ఒక ఆకారం వస్తుంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజినులో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు. ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో, పెట్రోలు పోయించడానికో తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదు. 1970ల మధ్యలో వచ్చిన బాదల్ ఇప్పుడిప్పుడే ఈ వయసుకు చేరుతోంది గానీ, ఈ నియమాలు రెండు, నాలుగు చక్రాల బళ్లకే. 1982 డాల్ఫిన్ 2032 దాకా ఆగాలి. హెరాల్డ్ ఛాసిస్ మీద ఎవరో పోసిన ఫైబర్ బాడీకి మాత్రం ఇక్కడ చిక్కుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన లక్షణాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటోంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో అదే మాట గట్టిగా చెప్పింది. బాడీ మార్పు ఆ కాలంలోనే ఆర్సీలో నమోదై ఉందా లేదా అన్నది అందుకే అంత ముఖ్యం. నమోదైతే బండికి దారుంది. లేకపోతే అది ప్రదర్శనశాలలో నిలబడే వస్తువు, అదీ గౌరవమే.

కొనేటప్పుడు యజమాని బతికి ఉంటే 29, 30 ఫారాలు. చనిపోయి ఉంటే వారసులు 31వ ఫారం మీద ముందు తమ పేరుకు మార్చుకోవాలి. ఆర్సీ పోతే 26వ ఫారం. తాత బండి అమ్మకం దగ్గర అన్నదమ్ములందరూ కూర్చుని సంతకాలు పెట్టేదాకా బయానా ఇవ్వకపోవడం మంచిది.

బాగుచేతకు దిగితే తాడిపత్రి ఎండ గుర్తుండాలి. పాలిస్టర్ రెజిన్‌లో కలిపే హార్డ్‌నర్ సాధారణంగా నూటికి ఒకటి రెండు వంతులే. నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం అంతే కలిపినా డబ్బాలోనే గడ్డకట్టి పొగలొస్తుంది. మే నెలలో ఈ పని తెల్లవారుజామునే. హార్డ్‌నర్‌ను, కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను నేరుగా ఒకదానిలో ఒకటి పోయకూడదు, పేలుతుంది. ఒకటి రెజిన్‌లో బాగా కలిశాకే రెండోది. హార్డ్‌నర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు, కళ్లద్దాలు తప్పనిసరి. పగులును పైన పుట్టీతో పూడ్చడం ఆరు నెలల ముచ్చట. వెనకవైపు నుంచి పగులు చుట్టూ వాలుగా గీకి, కొత్త చాప పొరలు పొరలుగా వేస్తేనే నిలుస్తుంది. గీకినప్పుడు లేచే గాజు దుమ్ముకు రాయి పాలిషింగ్ కుర్రాళ్లు వాడాల్సిన మాస్కే వాడాలి, మెళ్లో తువ్వాలు చాలదు. అసలు రంగు ఎక్కడైనా అరచేతి మేర మిగిలి ఉంటే ఆ ముక్కను ముట్టుకోకుండా వదిలేయాలి. రేపు ఆ అచ్చులోంచి వచ్చిన రెండో బండి ఎక్కడైనా బయటపడితే, పోల్చి చూడటానికి అదే ఆధారం.

అంతదాకా బండిని చెక్క దిమ్మెల మీదో స్టాండ్ల మీదో ఎత్తి, టైర్ల మీద బరువు లేకుండా నీడలో ఉంచాలి. పైన ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ పడుతుంది, నూలు దుప్పటి మేలు. బ్యాటరీ తీసేయాలి, పెట్రోలు ట్యాంకు ఖాళీ చేయాలి, కిటికీ అద్దాలు వేలెడంత దించి ఆ సందుకు ఎలుకలు దూరకుండా జాలీ కట్టాలి. ఛాసిస్ నంబరు పెన్సిలు ముద్ర, ఫొటోలు, పెద్దవాళ్ల మాటలు రాసుకున్న నోటుబుక్కు మాత్రం బండిలో పెట్టకూడదు. వాటి ఒక నకలు ఇంట్లో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర.